అచ్చులో మిగిలిన తడి

శిష్యులు అడిగిన ప్రశ్నలకు బంగారాచారి గారు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "పనిలో ఎదురైనప్పుడు చూద్దాం" అనేవారు. వంశధార ఒడ్డున ఉన్న ఆయన కంచు పోత శాలలో ఏళ్లుగా పని చేస్తున్న సోమలింగం ఒకనాడు ఇలా అడిగాడు:

"గురువుగారూ, ప్రతి వస్తువులోనూ కంటికందని రేణువులు కదులుతూనే ఉంటాయనీ, వేడి పెరిగితే ఆ కదలిక పెరుగుతుందనీ మీరంటారు. కరిగిన కంచు పారుతుంది, ఒప్పుకుంటాను. ఈ ఎండిన మట్టిలో ఏ కదలికా లేదే! లేనిదాన్ని ఎలా నమ్మను?"

ఆయన నవ్వి, మళ్లీ ఆ మాటే అన్నారు.

ఆ వానాకాలంలోనే కొండ మీది గుడికి పెద్ద గంట పోసే పని వచ్చింది. మైనంతో గంట రూపు చేసి, దాని మీద మందంగా మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి తీసేశారు. ఆ ఖాళీలోకి కంచు పోయాలి. వారమంతా ముసురు పట్టే ఉంది. ముహూర్తం వేళకు కొలిమి మీది మూసలో కరిగిన కంచు ధగధగలాడుతోంది. ధర్మకర్త తవిటినాయుడు పురోహితుణ్ణీ, ఊరివాళ్లనూ వెంటబెట్టుకుని వచ్చాడు. పట్టకారుతో మూస ఎత్తి, అచ్చు నోటి దగ్గర నిలబడి పోయవలసినవాడు సోమలింగం.

గురువుగారు చల్లని ఇత్తడి పళ్లెం ఒకటి అచ్చు నోటి మీద బోర్లించారు. కాసేపటికి తీసి చూస్తే అడుగున సన్నగా చెమ్మ పట్టి ఉంది.

"ఇవాళ పొయ్యం," అన్నారు.

"అదేటి ఆచారిగారూ! ముహూర్తం దాటిపోతే నలుగురిలో నా పరువేం కాను?" అన్నాడు నాయుడు.

ఊరి ముందు గురువుగారికి మాట రాకూడదని సోమలింగం తాపత్రయం. అచ్చు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా, వెచ్చగా తగిలింది. "ముసురు గాలికి పళ్లెం చెమర్చి ఉంటుంది గురువుగారూ. నేను పోస్తాను, భయం లేదు."

 అదే మట్టితో చేసి, పెద్దదానితో పాటే కాల్చిన చిన్న అచ్చు ఒకటి ఉంటే, గురువుగారు దాన్ని పెరట్లో పెట్టించారు. దాని పక్కన వెదురు కర్ర పాతి, సోమలింగం ముఖం ఉండే ఎత్తున అతని తువ్వాలే కట్టారు. అందరినీ గోడ వెనక్కి పంపి, తానూ ఆ చాటునే నిలబడి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో కాస్త కంచు అందులోకి వంచారు.

తుపాకి పేలినట్టు మోత. అచ్చు తునాతునకలైంది. కంచు చుక్కలు చూరు దాకా ఎగిరాయి.

సోమలింగం వెళ్లి తువ్వాలు విప్పాడు. దాని నిండా కాలిన చిల్లులే. 

"పొడి మట్టిలో ఇంత బలం ఎక్కడిది గురువుగారూ?"

"లోపల కాస్త నీరు మిగిలింది. ఆ నీటి రేణువులు మట్టి సందుల్లో మెల్లగా కదులుతూనే ఉన్నాయి. కంచు వేడి ఒక్కసారిగా తగిలేసరికి ఆవిరై చెలరేగాయి. నీరుగా చిటికెడు చోటులో ఇమిడినదానికి, ఆవిరయ్యాక ఆ అచ్చంతా చాలలేదు."

తవిటినాయుడు చిల్లుల తువ్వాలు వంక చూసి, పురోహితుడి వైపు తిరిగి, "ఇంకో మంచి రోజు సూడండి పంతులుగారూ," అన్నాడు.

అచ్చు చుట్టూ పిడకలు పేర్చి సన్నని సెగ పెట్టారు. పళ్లెం పొడిగా తేలేదాకా ఆ సెగ ఆరనివ్వలేదు. తరువాత సోమలింగమే కంచు పోశాడు.  చల్లారాక మట్టి పగలగొడితే గంట పగులన్నది లేకుండా బయటపడింది.

గంటకు అంటిన మట్టి గీకుతూ సోమలింగం అన్నాడు: "ఆ మొండి నీటిని మొత్తానికి వెళ్లగొట్టాం గురువుగారూ."

"మనం వెళ్లగొట్టలేదు నాయనా," అన్నారు బంగారాచారి గారు. "సెగ మెల్లగా పెంచాం. దారి చూసుకుని అదే పోయింది."