తీసేసిన సగం

పేరిశాస్త్రిగారికి ఒక అలవాటుండేది. విషం కలిసిన మందు ఏదైనా సరే, శిష్యుడు తూచి ఇస్తే, అందులో సగం తీసి మళ్ళీ భరిణెలో పోసేసేవారు. గ్రంథంలోని మోతాదు ఆయనకు కంఠస్థమే. అయినా ఆ ఉప్పు మడుల ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా వైద్యం చేస్తూ ఏ రోగికీ అంతా ఇచ్చిన పాపాన పోలేదు.

శిష్యుడు కామేశానికి ఇది మింగుడుపడేది కాదు. నాభి అనే విషపు దుంపను శుద్ధి చేయడానికి రోజుల తరబడి పొయ్యి ముందు కళ్ళు మండించుకున్నవాడు అతడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, తమకు గ్రంథం మీద నమ్మకం లేదా, నా శుద్ధి మీద నమ్మకం లేదా?"

"రెండింటి మీదా ఉంది" అన్నారు శాస్త్రిగారు, మందు నూరే కల్వం కడుక్కుంటూ. ఆయనది వట్టి పిరికితనమని కామేశం మనసులో తీర్మానించుకున్నాడు.

ఆ వారమే, మడుల్లో కూలి చేసే గవరమ్మ జ్వరంతో కాలిపోతున్న నాలుగేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. నాభి కలిసిన మందు మూడు రోజులకు మూడు పొట్లాలు కట్టమన్నారు గురువుగారు. పంతం కొద్దీ కామేశం, గ్రంథం పసిపిల్లలకు చెప్పిన మోతాదు పూర్తిగా తూచి కట్టాడు. ఆమె వాకిలి దాటబోతుంటే శాస్త్రిగారు వెనక్కి పిలిచి, పొట్లాలు విప్పి, తాటాకు ముక్కతో ఒక్కొక్కదాంట్లోంచి సగం తీసేశారు. "రోజూ పొద్దున్నే ఒక్కటే" అని ఆమె చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. రోగి ఎదుట కామేశానికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కామేశం వాకిలి ఊడుస్తుండగానే గవరమ్మ పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఒళ్ళంతా చల్లటి చెమట. నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"ఎన్ని వేశావమ్మా?" అని అడిగారు శాస్త్రిగారు.

"మూడూ ఏసీసినాను బాబూ. జొరం దిగనేదు. ఈ పొద్దు నాను మడుల్లోకి పోతే ఇంటికాడ ఎవులున్నారు? తొరగా తగ్గిపోద్దనుకున్నాను."

శాస్త్రిగారు ఆమెను ఒక్క మాట అనలేదు. విరుగుడు నూరి పట్టించారు. పిల్ల చెయ్యి కామేశం చేతిలో పెట్టి, "వదలకు" అన్నారు. అతడు వదల్లేదు. నాడి ఆగినప్పుడల్లా తానూ ఊపిరి బిగబట్టాడు. అడగకుండానే లెక్క బుర్రలోకి వచ్చింది. మూడు సగాలు కలిపితే ఒకటిన్నర. ఒకటిన్నరకే పిల్ల ఇలా ఉంది. తాను కట్టినవి మూడు నిండు మోతాదులు. ఆపైన లెక్క సాగలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక నాడి కుదురుకుంది. పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది. గవరమ్మ కూతుర్ని పొదువుకుని ఏడ్చింది. కామేశం పెరట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

తల్లీబిడ్డా వెళ్ళాక అతడు వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు.

"మూడుసార్లు అప్పజెప్పింది కదా గురువుగారూ. అయినా ఎందుకలా చేసింది?"

శాస్త్రిగారు త్రాసు పళ్ళాలు తుడిచి గోడకు తగిలించారు.

"గ్రంథం రాసినాయన మందును తూచాడు, నాయనా. ఆ తల్లి భయాన్ని ఎవరు తూచాలి?"