మాత్రలు మానేసిన సాక్ష్యం

"అయ్యగారూ, దేవుని పనిలో ఉన్నవాడు ఒంటి సంగతి చూసుకుంటూ కూర్చోవడం స్వార్థం కాదా?" అని జెకర్యా పాస్టరు ఒకనాడు తన గురువు ఇశ్రాయేలు అయ్యగారిని అడిగాడు.

జెకర్యాకు షుగరు వచ్చిందని తేల్చిన డాక్టరు మాత్రలు రాసిచ్చి, వేళకు తినమన్నాడు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలుకాగానే జెకర్యా పగటి ఉపవాసం పట్టి, మాత్రలు మానేశాడు. పైగా మొదటి ఆదివారమే ప్రసంగ వేదిక ఎక్కి, "నన్ను నిలబెట్టేది మందు కాదు, ప్రార్థన" అని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా హల్లెలూయా అంది. ఆ కేక తలుచుకుంటే అతనికి ఇప్పటికీ లోలోపల గర్వమే. అయితే మూడు వారాలుగా కళ్ళు తిరుగుతున్న సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఇశ్రాయేలు అయ్యగారు వాదనకు దిగే మనిషి కారు. డెబ్భై దాటినా తెల్లవారుజామునే కాలవగట్టు మీద నడక, ఎనిమిదింటికల్లా ఫలహారం. ఆ వేళలో ఎంత పెద్దవాళ్ళొచ్చినా అరుగు మీద ఆగాల్సిందే. దీని మీద సంఘంలో చెవులు కొరుక్కునేవాళ్ళు లేకపోలేదు. ఆయన ప్రశ్న విని, చేతికర్ర అందుకుని, "మన సంఘంలోని సొలొమోను తాతను చూసొద్దాం పద" అన్నారు.

తాత నులకమంచం మీద ఉన్నాడు. కుడికాలికి కట్టు. పుండు మానడం లేదని, ఇలాగే ఉంటే పాదం తీసేస్తామన్నారని అతని భార్య కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "షుగరు మాత్రలు ముట్టడం లేదు బాబూ. మూడు వారాలైంది. ఎవరు చెప్పినా వినడే!"

తాత జెకర్యా వైపు ప్రేమగా చూసి నవ్వాడు. "మన పాస్టరయ్యగారు మానేశారు గదే. ఆయన్ని నిలబెట్టిన ప్రభువు నన్ను నిలబెట్టడా?"

జెకర్యా ప్రార్థన చేద్దామని మోకరించబోయాడు. గురువు భుజం పట్టుకుని ఆపారు.

"ముందు అన్నం తిను. కరుణమ్మా, మా ఇద్దరికీ వడ్డించమ్మా."

ఉపవాస దినాన, పట్టపగలు, తన సంఘస్థుల ఇంట్లో తినడం! జెకర్యాకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. అయినా కూర్చున్నాడు. పప్పన్నం నాలుగు ముద్దలు తిన్నాక తలెత్తాడు.

"తాతా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. మందు మానేసినప్పటి నుంచి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఆ సంగతి దాచి, మిగిలిందే చెప్పాను."

తన భార్య రోజూ ఏమీ అనకుండా సంచిలో పెడుతున్న మాత్రల అట్ట బయటికి తీశాడు. తాత చూస్తుండగా ఒకటి వేసుకుని నీళ్ళు తాగాడు. తాత ఆ అట్టకేసి చూశాడు. కోపమొచ్చిందేమోనని జెకర్యా భయపడ్డాడు. చివరికి ముసలాయన చెయ్యి చాపి, "నావీ ఇటు తేవే" అన్నాడు. కరుణమ్మ మాత్రలు తెచ్చి ఇస్తూ భోరుమంది.

ఆ పాదం నిలుస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. వీధిలోకి వచ్చాక జెకర్యా "అయ్యగారూ, ఈ ఆదివారం నేను సంఘానికి ఏం చెప్పాలి?" అని అడిగాడు.

"ఆదివారం సంగతి తరవాత చూద్దాం," అన్నారు ఇశ్రాయేలు అయ్యగారు. "రేపటి మాత్ర కూడా ఆ ఇంట్లోనే వేసుకో."