ఊబిలో వినబడ్డ గొంతు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ పెద్ద ఊబి. దాని మీద పట్టపగలు కూడా పొగమంచు కమ్ముకుని ఉండేది. అడుగు తప్పితే అంతే, బురద మింగేసేది.

చుక్కి అనే దుప్పిపిల్ల పొద్దున బడికి వెళ్ళేది. మధ్యాహ్నం ఉడుము తాత దగ్గర జంతువులను నడిపించి ఊబి దాటించే పని నేర్చుకునేది.

ఒకరోజు చుక్కి బడికి ఆలస్యంగా వచ్చింది. మర్నాడు పాఠం అప్పచెప్పలేకపోయింది. మూడోరోజు బల్ల మీదే నిద్రపోయింది.

ఎలుగు పంతులమ్మకు కోపం వచ్చింది. "బడి కావాలో, ఊబి కావాలో రేపటికల్లా తేల్చుకో!" అంది.

చుక్కి కళ్ళనీళ్ళతో తల దించుకుని వెళ్ళిపోయింది. పంతులమ్మ మనసు ఆగలేదు. ఆ పిల్ల చేసే పనేమిటో చూద్దామని వెనకే వెళ్ళింది.

ఊబి దగ్గర పిట్ట కూత కూడా లేదు. తెల్లటి మంచులో చుక్కి కనబడలేదు. ఇంతలో సన్నటి గొంతు వినబడింది.

"పంతులమ్మా, పాఠం అప్పచెప్పనా?"

పంతులమ్మ అటు కాలు వేయబోయింది. ఉడుము తాత గబుక్కున అడ్డం వచ్చాడు.

"ఆగమ్మా! అక్కడ ఎవరూ లేరు. అది చెవులోడి గొంతు."

పంతులమ్మ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. "ఆ కుందేలు పిల్లాడా? బడి మానేశాడనుకుని నిరుడు పేరు కొట్టేశాను."

"మానలేదమ్మా. నా దగ్గర పని నేర్చుకునేవాడు. బళ్ళో తిట్లు, ఇక్కడ అలసట. తిన్నావా, పడుకున్నావా అని మీరడగలేదు, నేనూ అడగలేదు. ఒకనాడు నడుస్తూనే కునికాడు. నేను వెనక్కి తిరిగేసరికి బురద మీద బుడగలే ఉన్నాయి."

పంతులమ్మ మెల్లగా అంది, "పరీక్షల వారం చుక్కిని పనికి పిలవకు, తాతా. పని ఎక్కువున్న రోజు పాఠం నేనే ఇక్కడికొచ్చి చెబుతాను."

"అలాగేనమ్మా. అలసిపోతే నేనే ఇంటికి పంపుతాను."

అప్పటినుంచి ఊబి గట్టునా పాఠాలు సాగాయి. చుక్కి వల్లె వేస్తుంటే మంచులోంచి ఇంకో గొంతు కూడా కలిసేది. చుక్కి పంతులమ్మకు దగ్గరగా జరిగేది. పంతులమ్మ మాత్రం ఆ గొంతుకూ తప్పులు దిద్దేది.

చుక్కి పరీక్ష గట్టెక్కింది. వానాకాలంలో ఏడు కుటుంబాలను ఒంటరిగా ఊబి దాటించింది. ఆఖర్న ఊబి దాటిన ఉడుతపిల్ల అడిగింది, "అక్కా, ఈ పని నాకూ నేర్పుతావా?"

"బళ్ళో చదువుతున్నావా?"

"ఊఁ."

"అయితే పద, ముందు పంతులమ్మకు చెప్పి వద్దాం."

నీతి: చదువుకుంటూ పని నేర్చుకునే పిల్లలకు బడీ, పని నేర్పేవారూ కలిసి అండగా నిలబడాలి.