పేడదిబ్బ దగ్గర దొరికిన కథ

అనగనగా ఒక అడవిలో, దుంపలు తవ్వుకుని తిని హాయిగా బతకాల్సిన ముళ్ళపంది ఒకటి ఉండేది. దాని పేరు శూలపాణి. ఒంటినిండా కలాలు మొలిచాయి కాబట్టి తాను పుట్టుకతోనే కవినని శూలపాణి నమ్మకం. వీపు మీంచి ఒక ముల్లు పీకడం, నేరేడుపళ్ళ రసంలో ముంచడం, టేకాకు మీద రాయడం, ఇదే అతని పని. ఏం రాశాడని మాత్రం అడగకండి. పదేళ్ళుగా రాస్తున్నా "ఓ కమలమా" అన్న ముక్క దాటి ముందుకు వెళ్ళలేదు.

ఆ అడవికి రాజు సింహం. తొలకరి వేళ ఏటా సభ పెట్టి ఒక కథ వినడం దానికి అలవాటు. అలవాటు మంచిదే. చిక్కేమిటంటే, విసుగు పుడితే ఆ సింహానికి ఆకలేస్తుంది. పోయినేడు ఒక జింక వెన్నెల మీద కావ్యం చదివింది. సింహం నాలుగో పద్యం దాకా ఓపిక పట్టింది. ఐదో పద్యం ఎవరూ వినలేదు.

అందుకని ఈసారి కథ చెప్పడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. కోతులు చెట్లెక్కాయి, కుందేళ్ళు బొరియల్లో దూరాయి. శూలపాణి మాత్రం అందరికీ వినబడేలా, కవి అన్నవాడు తానొక్కడేనని ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాడు కదా, సింహం అతన్నే పిలిపించింది. తొమ్మిది రోజులు గడువిచ్చింది.

ఇంటికి వచ్చి భార్య సూదమ్మతో ఈ మాట గర్వంగా చెప్పాడు. సూదమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, దుంపలు అయిపోయాయని, పోయే లోపు కాసిని తవ్విపెట్టి పొమ్మని చెప్పింది. గొప్ప కథ గొప్ప చోటే పుడుతుందని, దుంపల దగ్గర పుట్టదని విసుక్కుని శూలపాణి బయల్దేరాడు.

ముందు కొండ ఎక్కాడు. కొండ మీద మేఘాలు చేతికి అందుతాయని, అక్కడ కూర్చుంటే కవిత్వం దానంతటదే తన్నుకొస్తుందని విన్నాడు. మేఘాలు నిజంగానే వచ్చాయి. వచ్చి అతని నెత్తిన కురిశాయి. రాసిన "ఓ కమలమా" కాస్తా చెరిగి ఊదారంగు నీళ్ళయి కారిపోయింది. ఆ రెండు రోజుల్లో ఇరవై ముళ్ళు పాడయ్యాయి.

తర్వాత జలపాతం దగ్గరికి వెళ్ళాడు. ఆ హోరులో తన ఆలోచన తనకే వినబడలేదు. పాచి మీద కాలు జారి మడుగులో పడ్డాడు. పైకి లాగిన నీటికుక్క, చచ్చేంత కష్టం ఏమొచ్చిందని జాలిగా అడిగింది. కవిత్వం కోసమని చెబితే, ఈ మాత్రానికా లాగాను అన్నట్టు చూసి వెళ్ళిపోయింది. ఇంకో ముప్పై ముళ్ళు పోయాయి.

ఆఖరికి ఎలుగుబంటి గుహకి వెళ్ళాడు. ఆ ఎలుగుబంటి మహాజ్ఞాని అని పేరు. మనసు ఖాళీ చేసుకో, కథ వచ్చి నిండుతుంది అని ఉపదేశించి, కూర్చున్నచోటే గుర్రుపెట్టి నిద్రపోయింది. ఖాళీ చేసుకోవడానికి శూలపాణి మనసులో పెద్దగా ఏమీ లేదు. అందుకని గుహలో మూలన పడి ఉన్న, పులిసిన ఇప్పపూలు ఖాళీ చేశాడు.

ఏడో రోజు పొద్దున్నే ఇంటిదారి పట్టాడు. వీపు సగం బోడిగుండు అయింది. ఇప్పుడు ఏ నక్క నోరు పెట్టినా గుచ్చుకునేది తక్కువే. పైగా ఆ ఇప్పపూలు కడుపులో తిరుగుబాటు మొదలుపెట్టాయి. నడుస్తున్నవాడు పరుగెత్తాడు. పరుగెత్తుతున్నవాడు ఆగిపోయాడు. ఇక లాభంలేదని పక్కనున్న పొద చాటున చేరాడు.

ఆ పొద ఎక్కడుందో తెలుసా పిల్లలూ? మనుబోతుల పేడదిబ్బ పక్కన. మనుబోతులు బహు పద్ధతైన జంతువులు. ఎక్కడబడితే అక్కడ వెయ్యవు. మంద మొత్తం రోజూ ఒకే చోటికి వచ్చి వేస్తాయి. అలా పెరిగిన దిబ్బ చుట్టూ ఈగలు, కీటకాలు, వాసన. కవులు ఆ దారిన నడవనే నడవరు. శూలపాణి మాత్రం ఇప్పట్లో లేచే స్థితిలో లేడు.

అలా కూర్చుని ఉండగా ఏదో గుండ్రంగా దొర్లుకుంటూ వచ్చి అతని కాలికి తగిలింది. పేడ ఉండ. దాని వెనకే రొప్పుతూ ఒక ముసలి పేడపురుగు వచ్చింది. పేరు బంతెమ్మ.

"కాలు తియ్యి నాయనా. పొద్దుటినుంచీ ఇది ఐదోసారి జారడం," అంది.

శూలపాణి కాలు తీశాడు. బంతెమ్మ వెనక్కి తిరిగి, తల నేలకి ఆనించి, వెనక కాళ్ళతో ఆ ఉండని గట్టు మీదికి నెట్టసాగింది. జానెడు ఎక్కింది. జారింది. మళ్ళీ ఎక్కింది. మిగతా పురుగులన్నీ పల్లంలోనే గుంటలు తవ్వి, ఉండలు పూడ్చుకుని, నీడన చేరి ఆమెని చూసి నవ్వుతున్నాయి.

శూలపాణికి చేసే పని ఇంకేమీ లేదు. చూస్తూ కూర్చున్నాడు. ఆరోసారి జారింది. ఏడోసారి జారింది. ఎనిమిదోసారి ఉండ మళ్ళీ పొద దగ్గరికి వచ్చినప్పుడు ఉండబట్టలేక, అందరిలాగా కిందే పూడ్చుకోవచ్చు కదా అని అడిగాడు.

"పోయినేడు కిందే పూడ్చాను," అంది బంతెమ్మ. "ఈ ఉండలోనే గుడ్డు పెడతాం. పిల్ల దీన్నే తిని పెరుగుతుంది. వానొచ్చి పల్లమంతా మునిగింది. నా పిల్ల కొట్టుకుపోయింది. ఈసారి గట్టు మీద పెడతాను."

అంతే చెప్పి మళ్ళీ నెట్టడం మొదలుపెట్టింది.  శూలపాణికి కడుపునొప్పి ఎప్పుడో తగ్గింది. అయినా మధ్యాహ్నం దాకా అక్కడినుంచి కదల్లేదు. ఉండ ఎక్కుతుంటే తన ఒళ్ళు బిగుసుకునేది, జారుతుంటే తన కాళ్ళు తెలియకుండానే ముందుకు వచ్చేవి.

ఇంటికెళ్ళి ఒక్క ఊపున రాశాడు. ఒక్క ముల్లే పట్టింది.

మర్నాడు దాన్ని ఆస్థాన పండితుడైన కొంగకి చూపించాడు. కొంగ మొదటి వాక్యం చదివి ఆకుని దూరంగా పట్టుకుంది. ప్రభువుల ముందు పేడ మాట ఎత్తుతావా అని మండిపడింది. తరవాత పెద్దమనసు చేసుకుని దిద్దిపెట్టింది. పేడ ఉండ తీసి చందనపు ఉండ పెట్టింది. పురుగుని హంస చేసింది. గట్టుని మేరుపర్వతం చేసింది. గుడ్డు మాట ఉత్తినే ఎందుకని కొట్టేసింది. మొదట్లో ఒక కమలాన్ని కూడా చేర్చింది. చదువుకుంటే శూలపాణికి అది నిజంగానే పెద్ద కవి రాసినట్టనిపించింది.

తొమ్మిదో రోజు సభకి వెళ్తూ దిబ్బ వైపు తొంగిచూశాడు. ఉండ సగం గట్టు ఎక్కింది. అక్కడ ఒక రాయి అడ్డం ఉంది. బంతెమ్మ దాని చుట్టూ దారి వెతుకుతోంది.

సభ నిండింది. శూలపాణి గొంతు సవరించుకుని కమలంతో మొదలుపెట్టాడు. హంస ప్రవేశించగానే సింహం ఆవులించింది. చందనపు పరిమళం వర్ణిస్తుంటే రెండోసారి ఆవులించింది. మేరుపర్వతం దగ్గర మూడోసారి ఆవులించి, ముళ్ళు లేనిచోట ముళ్ళపంది మాంసం మెత్తగా ఉంటుందా అని పక్కనున్న తోడేలుని మెల్లగా అడిగింది. కొంగ అప్పటికే రెండడుగులు వెనక్కి జరిగింది.

ఆ మాట శూలపాణి చెవిన పడింది. రాసింది రాసినట్టు చదివితే చావు ఖాయం. పేడ మాట ఎత్తినా చావే కావచ్చు. ఎలాగూ చచ్చేటప్పుడు నిజం చెప్పి చద్దామనుకున్నాడు. చేతిలో ఆకు కింద పడేశాడు.

"ప్రభూ, అది హంస కాదు. పేడపురుగు. అది చందనం కాదు, పేడ. నేను అక్కడెందుకు కూర్చున్నానో కూడా చెబుతాను," అన్నాడు.

ముందు ఇప్పపూల సంగతి చెప్పాడు. ఏనుగులు తొండాలెత్తి నవ్వాయి. సింహం జూలు ఊగేలా నవ్వింది. తర్వాత బంతెమ్మ సంగతి చెప్పాడు. జారిన ప్రతిసారీ చెప్పాడు. నవ్వులు మెల్లమెల్లగా ఆగిపోయాయి. పోయినేటి వాన దగ్గరికి వచ్చేసరికి సభలో ఈగ వాలితే వినబడేలా ఉంది. తోడేలు తలొంచుకుని నేల గీకుతోంది.

రాయి అడ్డొచ్చిందన్న చోట శూలపాణి ఆగాడు.

"తర్వాత?" అంది సింహం.

"తెలీదు ప్రభూ. నేను చూసింది అంతవరకే."

సింహం సింహాసనం దిగింది.  ముందు సింహం, వెనక ఏనుగులు, వాటి వెనక అడవి అడవంతా పేడదిబ్బకి బయల్దేరింది. అడవి పుట్టాక ఆ దారిన రాజుగారి ఊరేగింపు వెళ్ళడం అదే మొదలు.

బంతెమ్మ ఇంకా ఆ రాయి దగ్గరే ఉంది. ఉండని ఒక కాలితో ఆపి, ఒగురుస్తోంది. మీద నీడ పడితే తలెత్తి చూసింది. అంత పెద్ద మొహం ఎవరిదో ఆమెకి తెలియదు.

"వచ్చినవాడివి ఊరికే నిలబడకపోతే, ఆ రాయి కాస్త పక్కకి నెట్టరాదూ," అంది.

కొంగకి గుండె ఆగినంత పనైంది. సింహం పంజా చాచి రాయిని పక్కకి తోసింది. బంతెమ్మ ఉండని నెట్టుకుంటూ గట్టు పైకి చేరి, మెత్తటి మట్టి చూసి తవ్వి, దాన్ని లోపలికి దింపి, గుడ్డు పెట్టి పూడ్చింది. అడవిలో ఒక్కరూ కదల్లేదు. ఆ తర్వాత మన్ను కాళ్ళతో సర్ది, పల్లం వైపు ఒక్కసారి చూసి, గట్టు మీదే కూలబడింది.

సింహం తన పంజా వాసన చూసుకుని మొహం చిట్లించింది. 

శూలపాణి ఏమీ రాసుకోలేదు. వెనక రెండు మనుబోతులు, తమ దిబ్బ మీద ఈ జనమేమిటని గుసగుసగా పోట్లాడుకుంటున్నాయి. వాటిలో ఒకటి అత్త, ఒకటి కోడలు. శూలపాణి నెమ్మదిగా చెవి అటు తిప్పాడు.

నీతి: కథలు ఉండేది మనం మొహం తిప్పుకుని వెళ్ళిపోయే చోట్లలోనే, కాసేపు ఆగి చూసినవాళ్ళకి దొరుకుతాయి, ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళ దగ్గర బతుకుతాయి.