ఏమీ లేనిచోటు

నిఖత్‌కి పొగరు మామూలుగా ఉండదు. కళ్లాసుపత్రి మెయిల్ సర్వర్‌లో తను రాసిన ప్రోగ్రామ్ ఒకటి పెట్టింది. వచ్చే ప్రతి మెయిల్‌లో లైన్ల చివరుండే పనికిరాని ఖాళీలన్నీ అది ఊడ్చేస్తుంది. సర్వర్ ఎంత నీట్‌గా ఉందో చూడండి అని పొద్దున్నే అందరికీ చెప్పుకుని తిరిగింది.

మధ్యాహ్నానికి గోల మొదలైంది. తాళం వేసి పంపిన మెయిళ్లు కొన్ని తెరుచుకోవట్లేదు. డిజిటల్ సంతకం ఉన్నవాటి మీద ఎర్ర గుర్తు పడుతోంది, అంటే దారిలో ఎవరో చెయ్యి పెట్టారని. అందులో ఒకటి కంటి బ్యాంకు రిపోర్టు. దానమిచ్చిన కంటిపొర ఐస్ పెట్టెలో వచ్చేసింది. ఇవాళ దాటితే అది పనికిరాదు. దాన్ని వేయించుకోవాల్సిన లారీ డ్రైవర్ ఓబులేసు ఆపరేషన్ బల్ల మీద పడుకునున్నాడు. సంతకం పచ్చగా కనపడందే కత్తి ముట్టనని డాక్టరమ్మ కూర్చుంది.

నిఖత్ పరిగెత్తుకుంటూ జలీల్ ఉస్తాద్ దగ్గరికొచ్చింది. ఆమెకి సర్వర్ల పని నేర్పింది ఆయనే. తప్పంతా కంటి బ్యాంకోళ్లదేనని, వాళ్లకి సంతకం పెట్టడం కూడా రాదని దులిపేసింది.

"నువ్వేం తీశావు?" అన్నాడాయన.

"ఏమీ తీయలేదు ఉస్తాద్. ఒక్క అక్షరం ముట్టుకునుంటే నా చెయ్యి విరిచెయ్యండి. ఖాళీలేగా."

ఆయన ఆసుపత్రి రూల్స్ ఫైల్ తెరిచాడు. లావుపాటి పుస్తకమంత ఉంటుంది. దాని వేలిముద్ర తీయమన్నాడు. అంటే ఫైల్ మొత్తాన్ని నమిలి కంప్యూటర్ ఉమ్మే పొడుగాటి అంకెలూ అక్షరాల వరస. సంతకం పడేది దాని మీదే.

తీసింది. ఆయన చివరి పేజీకెళ్లి, ఏమీ లేనిచోట ఒకే ఒక్క ఖాళీ చెరిపాడు. స్క్రీన్ మీద ఏమీ మారలేదు. మళ్లీ తీయమన్నాడు.

వరస మొత్తం మారిపోయింది. పాతదానికీ దీనికీ పోలికే లేదు. నిఖత్ వేలు పెట్టి మళ్లీ చదువుకుంది. అంత పుస్తకమూ ఆ కాస్త ఖాళీ పోయేసరికి ఇంకో పుస్తకమైపోయింది.

"ఏమీ తీయలేదన్నావుగా బేటా," అన్నాడు ఉస్తాద్. "ఆ ఏమీ లేనిదాన్ని తిరిగి పెట్టు."

పెట్టింది. పాత వరస పొల్లు పోకుండా వచ్చేసింది.

నిఖత్ తన ప్రోగ్రామ్ తనే ఆపేసి, రిపోర్టు మళ్లీ పంపమని కంటి బ్యాంకుకి ఫోన్ చేసి బతిమాలింది. వచ్చింది. పచ్చ గుర్తు పడింది. అవతల ఆపరేషన్ గది తలుపు మూసుకుంది.

నిఖత్ మాత్రం రిపోర్టు చివరి లైన్ అయిపోయాక, అక్కడ ఏమీ లేనిచోటుకేసి చూస్తూ ఉండిపోయింది.