ఉప్పునీళ్ళు

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు సువర్చల గారికి లేదు. ఆసుపత్రి డయాలసిస్ వార్డుకి ప్రోగ్రాములు రాసిపెట్టి, పన్నెండేళ్ళుగా వాటిని కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న నిహారిక సోమవారం అడిగింది: "మన ప్రోగ్రాములన్నీ ఆనుకున్న, బయటివాళ్ళు రాసిన కోడ్ లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చింది మేడం. రాసినవాళ్ళే మేలైందంటున్నారు. ఇంకా పాతదాన్నే పట్టుకు వేలాడ్డం దేనికి?"

సువర్చల గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. అంతే.

ఆ మౌనాన్ని నిహారిక చాదస్తం కింద జమకట్టింది. కొత్తది అన్న మాట చెవిన పడితే కొందరికి ఒళ్ళు తెలియదు. మంగళవారం పొద్దున్నే వచ్చి, ఎవరికీ చెప్పకుండా, కొత్త వెర్షన్ ఎక్కించేసింది.

ఆరింటికి వార్డు నుంచి సిస్టర్ ఎస్తేరు ఫోన్.

"చార్టులు రావట్లేదమ్మా! ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో నేను సోదె చెప్పనా? సింహాద్రమ్మకి అప్పుడే ఆయాసం మొదలైంది."

నిహారిక గబగబా కంప్యూటర్ తెర చూసింది. చార్టులు తీసే ప్యాకేజీ కొత్త లైబ్రరీతో పొసగనంటోంది. దాన్నీ కొత్తది చేసింది. బరువులు లెక్కగట్టేది మొరాయించింది. దాన్ని సముదాయించేసరికి మందుల పట్టీ తీసేది కూలబడింది. ఒకదానికి కొత్తదే కావాలి, పక్కదానికి పాతది తప్ప పడదు. ఆరూ ఇరవై. ఫోన్ మళ్ళీ మోగింది. ఎత్తే ధైర్యం లేకపోయింది.

"నిన్న ఏ వెర్షన్ నంబర్లు నడిచాయి?"

వెనక సువర్చల గారు. నిహారికకి తెలియదు. రాసుకుంటేగా!

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్రతి ప్యాకేజీ పక్కనా దాని వెర్షన్ నంబరు రాసి ఉన్న కాగితం ఫైల్లోంచి తీసి, ఒక్కొక్కటీ నిహారిక చేతే పైకి చదివించి, అన్నిటినీ నిన్నటి చోటికి తెచ్చారు. ఆరూ నలభైకి మొదటి చార్టు వచ్చింది.

"పద," అన్నారు.

వార్డులో ఎస్తేరు సింహాద్రమ్మని అప్పుడే పాత యంత్రానికి కలుపుతోంది. ముసలామె నోరు తెరుచుకుని ఊపిరి లాగుతోంది. ఆ ఛాతీ ఎగసిపడుతుంటే నిహారిక చూపు తిప్పుకుంది. కిటికీ పక్కన కొత్త యంత్రమొకటి తళతళలాడుతూ నడుస్తోంది. దాని మంచం మాత్రం ఖాళీ.

"అది పాడైందా సిస్టర్?"

"దానికేం, దొరసానిలా ఉంది. తెచ్చినవాళ్ళు భేషుగ్గా ఉందనే చెప్పి వెళ్ళారు. మన గొట్టాలూ మన ఫిల్టర్లూ దాంతో పొసగొద్దూ? మూడు రోజులుగా రక్తం బదులు ఉప్పునీళ్ళే తిప్పి చూస్తున్నా. నిన్న ఒక అతుకు దగ్గర కారింది."

సింహాద్రమ్మ ఆయాసంలోనే నవ్వింది. "కారితే నీళ్ళే కారనీ తల్లీ. నాకున్నదే కాస్త రగతం."

తలుపు దాకా వచ్చాక నిహారిక అడిగింది. "మరి మనం కొత్త వెర్షన్‌కి ఎప్పుడు మారదాం మేడం?"

సువర్చల గారు కిటికీ పక్కన నడుస్తున్న కొత్త యంత్రం వైపు చూశారు.

"నీ ఉప్పునీళ్ళు ఎక్కడున్నాయో చూపించిన రోజు."