మసేనమ్మ వామాకు కుండ

సముద్రం ఇప్పటికన్నా ఓ నాలుగు బారలు ఊరికి దగ్గరగా ఉన్న రోజుల మాట. మీ తాతలకు తాతలు కూడా అప్పటికి పుట్టలేదు. ఒడ్డున ఒక పేట ఉండేది. నలభై గడపల పేట. గడపకొక తెప్ప, తెప్పకొక వల. అక్కడ చేపకు కరువు లేదు గానీ పచ్చటి ఆకుకు మాత్రం మహా కరువు. ఉప్పుగాలి వీచిందంటే పెరట్లో పెట్టిన మొక్క మూడో నాటికి మాడిపోయేది. తాగే నీళ్లకే ఆడవాళ్లు ఇసుకదిబ్బల అవతలకు పోయి, చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి తెచ్చుకోవాలి. అలాంటి చోట మొక్కలకు నీళ్లు పోసే మనిషిని ఏమంటారు? పిచ్చిదంటారు. ఆ పేటవాళ్లూ అలాగే అన్నారు.

ఆ పిచ్చిదాని పేరు మసేనమ్మ. మొగుణ్ని సముద్రం తీసుకుపోయింది. పిల్లలు లేరు. వలలు అల్లి పొట్ట పోసుకునేది. ఎవరింట్లో కుండ పగిలినా ఆ పెంకు ఈమె ఇంటికి చేరేది. అందులో వాగు ఒడ్డు నుంచి మోసుకొచ్చిన మట్టి పోసి, గాలి తగలకుండా ఇంట్లోనే గోడవారగా పెట్టుకునేది. వామాకు, మరువం, కలబంద, బచ్చలి. ఇల్లంతా కుండలే. చుట్టం వస్తే కూర్చోబెట్టడానికి చోటుండేది కాదు. వచ్చే చుట్టాలూ లేరనుకోండి.

పొద్దున లేస్తే నూలు పేనడం ఆమె పని. ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస పట్టుకుని, పేనుకుంటూ సందు చివరిదాకా వెనక్కి నడిచేది. మళ్లీ వచ్చేది, మళ్లీ నడిచేది. తలంతా నెరిసినా నడుం వంగలేదు.

"మసేనీ, నీ ఈడు ఆడోళ్లందరూ మంచాన పడ్డారు. నువ్వేటి తింటున్నావే?" అని ఎగతాళిగా అడిగేవారు.

"తినడానికేటుంది? ఒక అడుగు, ఒక ముడి, ఒక గుక్కెడు నీళ్లు. అంతే గదా," అనేది. అడుగు తనకు, ముడి వలకు, నీళ్లు మొక్కకు.

ఆ పేటలో చదవడం వచ్చినవాడు ఒక్కడే, దానయ్య. ఎక్కడ నేర్చాడో, అతని దగ్గరొక తాటాకుల కట్ట ఉండేది. సాయంత్రమైతే ఒడ్డున కూర్చుని, ఏడు దీవులు దాటిన రాకుమారి కథ చదివి వినిపించేవాడు. చుట్టూ కూర్చుని అందరూ వలలు అల్లుకుంటూ వినేవాళ్లు. మసేనమ్మ మొక్కలకు నీళ్లు పోసుకుని వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. ఒకరోజు ఎవరో విసుక్కున్నారు.

"నీకెందుకే? ఎల్లు, మొక్కలకే సెప్పుకో కతలు!"

దానయ్య తాటాకు మూసేశాడు. "మసేనమ్మ కూకునేదాకా నాను కట్ట ఇప్పను," అన్నాడు. ఆ రోజు నుంచి రోజూ అంతే.

పెళ్లయిన నాటి నుంచి మసేనమ్మ కోసం ఎవరూ ఏదీ ఆపలేదు. అన్నం ఆపలేదు, తెప్ప ఆపలేదు. దానయ్య కథ ఆపాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా, ఈ మనిషి రుణం ఎలా తీర్చుకోవాలి అనుకునేది.

ఇలా ఉండగా, ఒకనాడు తెప్పను ఒడ్డుకు లాగుతుంటే అల ఎదురుతిరిగింది. తెప్ప తిరగబడి దానయ్య తొడ మీద పడింది. ఎముక విరిగింది. కట్టు కట్టే ముసలాయన పక్క ఊరి నుంచి వచ్చి బద్దలు పెట్టి కట్టాడు. మూడు నెలలయ్యాక విప్పాడు.

"ఎముక అతికింది. ఇంక లెగాల," అన్నాడు.

దానయ్య ఒక కాలు కింద పెట్టాడు. నొప్పి నెత్తికెక్కింది. కాలు మళ్లీ మంచం మీద పెట్టుకున్నాడు. ఆ పెట్టడం పెట్టడం, ఇక తియ్యలేదు.

పేట పేటంతా అతనికి సేవ చేసింది. కథ చెప్పినవాడు కదా మరి! ఒకరు పులుసు తెచ్చేవారు, ఒకరు కాళ్లు పిసికేవారు, ఒకరు విసనకర్రతో విసిరేవారు. చెయ్యి చాపకుండానే నోటికి ముద్ద వచ్చేది. దానయ్య కూతురు చిన్నమ్మి అయితే తండ్రి మూలిగితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. నెల తిరిగేసరికి అతని కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. కట్టు కట్టిన ముసలాయన మళ్లీ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"అమాస నాటికి ఈయన తన కాళ్ల మీద నిలబడాల. లేదంటే మరి జన్మకి లెగడు," అని చెప్పి వెళ్లిపోయాడు.

అమావాస్యకు ఇరవై రోజులుంది.

మగవాళ్లు నలుగురు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. దానయ్య కేక పెట్టాడు. గాభరాపడి దించేశారు. కులపెద్దలు వచ్చి మందలించారు. దానయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిన్నమ్మి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. దానయ్య కూడా ఏడ్చాడు. లేవడం మాత్రం లేవలేదు.

అప్పుడు మసేనమ్మ ఒక చిల్లు కుండ చంకన పెట్టుకుని వచ్చింది. అందులో వామాకు మొక్క. మంచానికి చెయ్యి అందేంత దూరంలో పెట్టింది.

"అన్నియ్యా, నిన్ను లెగమని నాను అడగను. ఈ మొక్కని నీకప్పగిస్తున్నాను. రోజుకో గుక్కెడు నీళ్లు పొయ్యి. మరెవులూ పొయ్యరు."

దానయ్యకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో! పడుకునే చెయ్యి చాపి పోశాడు. మర్నాడు ఆమె కుండను ఇంకో జానెడు జరిపింది. అతను మోచేతి మీద లేచి పోశాడు. మూడో రోజు ఇంకో జానెడు. అతను లేచి కూర్చున్నాడు! చిన్నమ్మి సంతోషం పట్టలేక పేటంతా చెప్పి వచ్చింది.

అక్కడే వచ్చింది తంటా. దానయ్య లేచి కూర్చోవడం చూడ్డానికి అందరూ వచ్చారు. ఆయాసపడుతూ చెంబు అందుకోబోతుంటే చూసి ఎవరూ ఊరుకోలేకపోయారు. ఎవరికి వారే, ఎవరికీ చెప్పకుండా, అతను అటు తిరిగినప్పుడొకరు, కునుకు తీసినప్పుడొకరు, తమ కడవలోంచి ఒక చెంబు నీళ్లు ఆ కుండలో పోసి వెళ్లారు. చెలమలో చిప్పతో తోడిన నీళ్లు! అంతకన్నా విలువైనది ఆ పేటలో ఏముంది? చిల్లు కూడా మట్టితో పూడుకుపోయింది. వారం తిరక్కుండా మొక్క కాడ నల్లబడి, ఆకులు రాలి, కుళ్లిపోయింది.

"తీసుకుపో మసేనమ్మా," అని దానయ్య గోడవైపు తిరిగాడు. "నా సేతిలో ఏదీ బతకదు."

మసేనమ్మ మట్టిలో వేలు పెట్టి చూసింది. బురద. కుండ ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. ఇంటింటికీ వెళ్లి అడిగింది.

"నువ్వు పోసినావా?"

"ఒక్క చెంబే కదే."

"నువ్వు పోసినావా?"

"పాపమని ఒక్క చెంబు."

"నువ్వూ పోసినావా?"

జన్మలో గొంతెత్తని మసేనమ్మకు ఆ రోజు కోపం వచ్చింది. వీధి నడుమ నిలబడి, కుళ్లిన వేరు పైకెత్తి అందరికీ చూపించింది.

"సూడండి! ఇది ఎండి సావలేదు. మీ పేమకి కుళ్లి సచ్చింది. దానయ్య అన్నియ్యని కూడా ఇలాగే సంపుతున్నారు!"

పిచ్చిదని నవ్వేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ వేరు ముట్టి చూసి వెళ్లారు.

అమావాస్యకు వారం ఉందనగా మసేనమ్మ రెండో కుండ తెచ్చింది. ఈసారి మంచానికి రెండడుగుల దూరంలో పెట్టి, పక్కనే నీళ్ల చెంబు పెట్టి, బయటికి వచ్చి వాకిట్లో కూర్చుంది. పేటవాళ్లు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు.

మొదటిరోజు దానయ్య కుండవైపు చూడలేదు. రెండో రోజు చూశాడు. ఆకులు వాలుతున్నాయి. మూడో రోజు ఎండ మండిపోయింది. ఆకులు కాడను పట్టుకుని వేలాడుతున్నాయి. చిన్నమ్మి తలుపు సందులోంచి చూసి తట్టుకోలేక చెంబుతో లోపలికి అడుగేసింది. మసేనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొయ్యకే గుంటా."

"సచ్చిపోద్ది అత్తా!"

"ఏటి? మొక్కా, మీ నానా?"

చిన్నమ్మి అక్కడే కూలబడింది. తను పెట్టిన మొక్కను దాహంతో చావనివ్వడం మసేనమ్మ ఎరగదు. తప్పు చేశానా దేవుడా, మొక్కా పోయి మనిషీ పోతాడా అని లోలోపల ఏడ్చుకుంటూ, ఆ పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు.

లోపల నులకమంచం కిర్రుమంది.

గోడను గోకుతున్న చప్పుడు. ఒక మూలుగు. ఒక అడుగు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకో అడుగు. ఆపైన మట్టిలో నీళ్లు పడిన చప్పుడు.

"మసేనమ్మా!" లోపలి నుంచి దానయ్య ఏడుస్తూ నవ్వుతూ పిలిచాడు. "పోసినానే! నిలబడి పోసినాను!"

మర్నాడు కుండ గడప దగ్గరికి జరిగింది. తర్వాత అరుగు మీదికి, సందులోకి జరిగింది. ఎంత దూరం జరిగితే అంత దూరం దానయ్య చెంబు పట్టుకుని నడిచాడు. పక్కనే మసేనమ్మ నూలు పేనుకుంటూ వెనక్కి నడిచింది. "ఒక అడుగు అన్నియ్యా. ఒక ముడి నాది. ఒక గుక్కెడు దానిది." అమావాస్య నాటి సాయంత్రానికి ఆ కుండ ఒడ్డున, తెప్పల పక్కన ఉంది. దానయ్య కర్ర సాయంతో ఒంటరిగా నడిచి వచ్చి, దానికి నీళ్లు పోసి, ఇసుకలో కూర్చుని తాటాకుల కట్ట విప్పాడు. రాకుమారి అయిదు నెలలుగా మూడో దీవి తలుపు దగ్గరే నిలబడి ఉంది పాపం. ఆ సాయంత్రం లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. ఈసారి మసేనమ్మకు జబ్బు చేసింది. సేవ చెయ్యాలని అందరి చేతులూ దురదపెట్టాయి. అయినా ఎవరూ తొందరపడలేదు. దానయ్యే ఒక కుండ తెచ్చి ఆమె చాపకు అడుగు దూరంలో పెట్టాడు. మొదటిరోజు ఆమె లేచి వెళ్లి పోసింది. రెండో రోజు పాకుతూ వెళ్లి పోసింది. మూడో రోజు కుండవైపు చూసింది. ఆపైన గుమ్మం వైపు చూసింది. పేట మొత్తం అక్కడుంది. ఒక్కరి చేతిలోనూ చెంబు లేదు.

మసేనమ్మ నవ్వింది.

"ఏటలాగ నిలబడ్డారు? ఇయ్యాల మీరు పొయ్యండి," అంది.

బతుకంతా తన కోసం ఎవరినీ ఏదీ అడగని మనిషి. అడిగింది ఆ ఒక్కటే. ఆ మాటకు అర్థం దానయ్యకు తెలిసింది. దోసిట్లో నీళ్లు పట్టి, దగ్గరున్న కుండలో పోశాడు. తర్వాత చిన్నమ్మి వచ్చింది. తర్వాత అందరూ వచ్చారు. అయితే ఈసారి అందరూ ఒక్క కుండలో పొయ్యలేదు. ఇల్లంతా కుండలే కదా! ఇంటికొక కుండ ఎంచుకుని, కుండకొక గుక్కెడు పోశారు. ఆకుల మధ్య పడుకుని మసేనమ్మ అదంతా చూసింది. చూస్తూ చూస్తూ కన్నుమూసింది. ఆ సాయంత్రం ఎవరి కుండ వాళ్లు ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయారు. ఆ రోజు నుంచి ఆ పేటలో కుండ లేని ఇల్లు లేదు.

ఇప్పటికీ అక్కడ ఎవరైనా మంచాన పడి లేవకపోతే, ఇరుగుపొరుగువాళ్లు పులుసుతో పాటు ఒక వామాకు కుండ కూడా తెస్తారు. మంచానికి ఒక అడుగు అవతల పెట్టి బయటికి వచ్చేస్తారు. దానికి ఇంట్లో మరెవరూ నీళ్లు పొయ్యరు, పసిపిల్లలతో సహా. జబ్బు మనిషి లేచి నీళ్లు పోసిన రోజున "మసేనమ్మ అడుగు పడింది!" అని కేకేసి, వీధంతా బెల్లం పంచుతారు. తల్లులు బిడ్డలకు మొదట నేర్పేది కూడా ఇదే, అడిగేదాకా పొయ్యొద్దు, అడిగాక ఆగొద్దు అని.

ఎప్పుడో ఒక రోజు, బాగా పండిపోయిన ముసలివాళ్లు కుండవైపు చూసి, గుమ్మం వైపు చూసి, "ఇయ్యాల మీరు పొయ్యండి," అంటారు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు వాదించరు. కుండను తెచ్చి మంచానికి ఆనించి పెడతారు. దోసిలితో నీళ్లు పోసి, ఆ ముసలి చేతిని పట్టుకుని పక్కన కూర్చుంటారు. ఇంక ఎవరూ లెగమనరు.